లేపాక్షికి ఎప్పుడు పోదాం?

చలికాలం మొదలయిందంటే చాలు, మన కళాశాల నోటీసు బోర్డు దగ్గర ఒక చర్చ మొదలవుతుంది. ఈ ఏడు విహారయాత్ర ఎక్కడికి? మైసూరు అనేవాళ్ళు కొందరు, ఊటీ అనేవాళ్ళు కొందరు, హంపి అనేవాళ్ళు మరికొందరు. వారం రోజులు వాదులాడుకుని, తలా ఎంత పడుతుందో లెక్క వేసుకుని, చివరకు "సరే, లేపాక్షికే పోదాం పదండి" అని తేల్చుకుంటాం. "ఎక్కడికి" అనే ప్రశ్నకు వారం రోజులు ఇచ్చే మనం "ఎప్పుడు" అనే ప్రశ్నకు అయిదు నిమిషాలు కూడా ఇవ్వం. ఏ ఆదివారం బస్సు దొరికితే ఆ ఆదివారం. ఏ సెలవు కలిసివస్తే ఆ సెలవు.

నా ఉద్దేశంలో అసలు ప్రశ్న రెండోదే. లేపాక్షి ఎక్కడికీ పోదు. విజయనగర చక్రవర్తి అచ్యుత దేవరాయల కాలంలో, అంటే 1530 ప్రాంతంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కూర్మశైలం మీద కట్టించిన ఆ వీరభద్రాలయం ఇన్నేళ్ళుగా అక్కడే ఉంది. కానీ మనం ఏ నెలలో, ఏ వారంలో, ఏ గంటలో దాని ముందు నిలబడతామన్న దాన్ని బట్టి మన కంటికి ఆనేది మారిపోతుంది. అంతకంటే ముఖ్యమయిన సంగతి ఇంకొకటి ఉంది. మనలో ఎవరు చూడగలరో, ఎవరు చూడలేరో కూడా ఆ తేదీయే తేలుస్తుంది. ఈ సంగతే నా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

యాత్రికులకు దారి చూపే పుస్తకాలన్నీ ఇంచుమించు ఒకే మాట చెబుతాయి: అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళండి, వేసవిలో వెళ్ళకండి. ఆ మాట తప్పని నేననను. మనది వానచాటు సీమ. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే బరువంతా దించుకుని ఉత్త చేతులతో మన మీదుగా పోతాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతాయి. కోస్తాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడుతుంటే, మన అనంతపురం సీమకు సగటున 550 మిల్లీమీటర్లే గతి. అది కూడా పడిన ఏడు సంగతి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. చెప్పులు బయట విడిచి, రాతిబండలు పరిచిన ఆవరణలో తిరగాల్సిన చోట ఆ ఎండ అరికాళ్ళను ఏం చేస్తుందో మన ఊళ్ళవాళ్ళకు వేరే చెప్పాల్సిన పని లేదు.

అయితే ఆ పుస్తకాలు ఎవరి కోసం రాసినవి? బెంగళూరులో శనివారం పొద్దున కాఫీ తాగి కారెక్కి, మధ్యాహ్నం లేపాక్షి చూసి, రాత్రి భోజనానికి ఇల్లు చేరుకునేవారి కోసం. వాళ్ళు చూసుకోవలసింది వాతావరణం ఒక్కటే. మనకు ఇంకో లెక్క కూడా ఉంది. అది శెనక్కాయ లెక్క.

కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి చదువుకునే వాళ్ళకు ఏడాది జూన్‌లో మొదలవుతుంది, జనవరిలో కాదు. జూన్, జూలైల్లో పదును అయితే విత్తనం. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొగుళ్ళ వైపు చూపులు. అక్టోబరు, నవంబరుల్లో చెట్లు పెరకడం, ఆరబెట్టడం, కాయ విడిపించడం, కట్టె వామి వేయడం. ఊరందరికీ ఒక్కసారే పని తగులుతుంది కాబట్టి కూలీలు దొరకరు. దొరికినా కూలి గిట్టుబాటు కాదు. కాలేజీలో చదివే కొడుకయినా, కూతురయినా ఆ వారం పది రోజులు చేనిలో ఉండాల్సిందే. పైగా మన చేలల్లో ఎక్కువగా వేసే గుత్తిరకం కాయ పక్వానికి వచ్చాక నేలలో ఆగదు. కోతవేళ వాన తగిలిందంటే కాయలోనే మొలక లేస్తుంది.

నేను డిగ్రీలో చేరిన ఏడు యాత్ర నవంబరులో పెట్టారు. పేర్లు ఇచ్చినవారి పట్టిక చూశాను. టౌనులో ఇళ్ళున్నవాళ్ళు, ఉద్యోగస్తుల పిల్లలు, అంగళ్ళున్నవాళ్ళ పిల్లలు ఉన్నారు. చేలున్న ఇళ్ళ పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. నా పక్కన కూర్చునే మిత్రుణ్ణి "నువ్వెందుకు రావప్పా?" అని అడిగితే, "యాడికొచ్చేది? కాయ కళ్ళంలో ఉండాది. మొగులు చూస్తివా?" అన్నాడు. అతను డిగ్రీ పూర్తి చేసి వెళ్ళిపోయాడు. లేపాక్షి చూడకుండానే వెళ్ళిపోయాడు. వంద కిలోమీటర్లకు కాస్త పైనున్న ఊరు అది. అతణ్ణి ఎవరూ రావద్దనలేదు. తేదీ ఒక్కటే అడ్డం వచ్చింది.

చేతిలో డబ్బు సంగతి కూడా ఇలాంటిదే. నవంబరులో యాత్ర చందా అడిగితే రైతు ఇంట్లో ఉండేది అప్పు మాత్రమే. కాయ అమ్ముడుపోయి, అంగడి బాకీ, ఎరువుల బాకీ తీరి, నాలుగు రూపాయలు మిగిలితే అవి కంటికి కనిపించేది సంక్రాంతి నాటికి. ఆ పైన మార్చి దాటిందంటే మళ్ళీ కథ మారుతుంది. పంట పోయిన ఏడు ఉగాదికి ముందే బెంగళూరు బస్సెక్కే కుటుంబాలు మన మండలాల్లో ఎన్నో మీకు తెలుసు. పుస్తకంలో వాళ్ళు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అని అయిదు నెలలు రాశారు. మనకు అందులో మిగిలేది సంక్రాంతి తర్వాతి అయిదారు వారాలే.

ఇది నెల సంగతి. ఇక గంట సంగతికి వద్దాం. దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు.

లేపాక్షిలో చూడవలసినవన్నీ ఒకే గంటలో, ఒకే వెలుగులో కనిపించవు. స్తంభాల మీద, గోడల మీద చెక్కిన బొమ్మలు నల్లరాతివి. సూర్యుడు నడినెత్తి మీద ఉన్నప్పుడు వాటి మీద నీడలు నిలవవు. నర్తకి మెడలోని హారం, గుర్రం జీను మీది కుట్టు, అన్నీ రాతిలో కలిసిపోతాయి. పొద్దు వాలుగా ఉన్నప్పుడు, అంటే ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం మూడున్నర దాటాక, ప్రతి గీతకూ పక్కన సన్నని నీడ లేస్తుంది. అప్పుడు రాయి మాట్లాడుతుందంటే నమ్మాలి. అసంపూర్తిగా ఆగిపోయిన కల్యాణ మండపం ఆరుబయట ఉంది కాబట్టి దాన్ని ఆ వేళల్లోనే చూడాలి. పక్కనున్న లతా మండపం కూడా అంతే. దాని స్తంభాల మీద తీర్చిన లతలు, హంసలు నేతగాళ్ళ మగ్గాల మీద చీర అంచులయ్యాయి. ఆ అల్లికలు మిట్టమధ్యాహ్నం కంటికి ఆనవు.

చిత్రాల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. నాట్య మండపం పైకప్పు మీద, దాన్ని దాటి అర్ధ మండపం పైకప్పు మీద విజయనగర కాలపు వర్ణచిత్రాలు ఉన్నాయి. సున్నపు పూత మీద కావి, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు రంగులతో వేశారు. ద్రౌపదీ కల్యాణం, పార్వతీ కల్యాణం, కిరాతార్జునుల కథ, వటపత్రశాయి, లేగదూడ కోసం కొడుక్కు శిక్ష వేసిన మనునీతి చోళుని కథ అక్కడ చూడవచ్చు. అర్ధ మండపంలో కప్పంతా ఆక్రమించిన వీరభద్రుని మహాచిత్రం, ఆ పక్కనే చేతులు జోడించిన కట్టించినవారు. ఆనాటి మగవాళ్ళ తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు, ఆడవాళ్ళ కొప్పులు, చీరల మీది గళ్ళు, చారలు కూడా ఆ రంగుల్లో మిగిలి ఉన్నాయి. రాజుల చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. ఆ కాలపు మనుషులు ఏం కట్టుకున్నారో, ఎలా నిలబడ్డారో కళ్ళకు కట్టే చోటు తెలుగునేల మీద ఇంతకు మించినది నేనెరగను.

అయితే ఆ కప్పుకు నేరుగా ఎండ తగలదు. ఆవరణలోని బండల మీద పడిన వెలుగు కింది నుంచి పైకి లేచి కప్పును అంటుకోవాలి. తెల్లవారి వెళితే మండపం లోపల చీకటి. పొద్దు వాలాక వెళితే చీకటి. పదిగంటలు దాటి, ఆవరణ అంతా వెలుగెక్కాక, కళ్ళు నీడకు అలవాటు పడేదాకా ఒక స్తంభానికి ఆనుకుని ఓపిగ్గా కూర్చుంటే అప్పుడు రంగులు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. మొదట కావి కనిపిస్తుంది, తర్వాత నలుపు గీతలు, ఆ తర్వాత ముఖాలు. వేసవిలోనూ ఈ వెలుగు ఉంటుంది, ఇంకా ఎక్కువే ఉంటుంది. కాని మండపం దాకా నడిచిన అరికాళ్ళకు చిత్రాల మీద మనసు నిలవదు. జనవరి నెలలో బండ కాలదు, వెలుగు చాలుతుంది. ఇది నేను చదివి చెప్పడం లేదు, కూర్చుని చూసి చెబుతున్నాను.

వెరసి లేపాక్షికి ఒక పూట చాలదు. ఉదయపు వాలుపొద్దులో శిల్పాలు, పది నుంచి పన్నెండు దాకా చిత్రాలు, చెట్టు నీడన చిత్రాన్నం మూట విప్పుకుని ఒక గంట, ఆ తర్వాత ఏడు పడగల నాగలింగం, చివరికి ఊరి మొదట్లో ఒంటరిగా కూర్చున్న బసవన్న. సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. అడివి బాపిరాజు గారంతటివారు పాట కట్టిన బసవన్న. ఆయన్ని పొద్దు వాలేటప్పుడు చూడాలి. మెడలోని గంటల పట్టెడ, వీపు మీది ఆచ్ఛాదన మీద చెక్కిన పూలు అప్పుడు లెక్కపెట్టవచ్చు.

మరి మన యాత్రలు ఎలా జరుగుతున్నాయి? ఇంటర్మీడియట్‌లో నేను పోయిన ఒక యాత్ర సంగతి చెబుతాను. ఏ కాలేజీదో చెప్పను, అన్ని కాలేజీలదీ ఇదే తంతు. పొద్దున ఎనిమిదికి బయలుదేరాల్సిన బస్సు పదింటికి బయలుదేరింది. ఆ రోజు సెలవు కావడంతో లేపాక్షిలో బస్సులు నిలపడానికి చోటు లేదు. గుళ్ళో కాలు పెట్టేసరికి ఒంటిగంటన్నర. నలభై నిమిషాల్లో అందరూ బస్సు దగ్గర ఉండాలన్నారు, ఎందుకంటే ఇంకా రెండు చోట్లు చూడాలి. ఆ నలభై నిమిషాల్లో మేము చూసింది వేలాడే స్తంభం ఒక్కటే. డెబ్భై దాకా స్తంభాలున్న మండపంలో ఒక్క స్తంభం అడుగు నేలకు పూర్తిగా ఆనకుండా ఉంది. అది నిజంగానే వింతే, కాదనను. బ్రిటిష్ కాలంలో ఒక ఇంజినీరు దాన్ని కదిలించి చూడబోయాడని కూడా చెబుతారు. దాని కింద తువ్వాలు దూర్చి ఆ పక్కనుంచి లాగడానికి నలభై మంది వరసలో నిలబడ్డాం. మా వెనక ఇంకో బస్సు వాళ్ళు, వాళ్ళ వెనక ఇంకో బస్సు వాళ్ళు. తువ్వాలు లాగిన ప్రతివాడూ ఫోటో దిగి బయటికి నడిచాడు. ఒక్కడూ తల ఎత్తి పైకి చూడలేదు. వాళ్ళ నెత్తిన అయిదు వందల ఏళ్ళ నాటి పెళ్ళి జరుగుతోంది!

తప్పు పిల్లలది కాదు. ఆ రద్దీలో, ఆ తొందరలో ఎవరికయినా కనిపించేది అదే. సమయం చెడిపోతే చూపు చెడిపోతుంది.

రద్దీ వల్ల మన చూపు ఒక్కటే చెడిపోతే పోనీ అనుకోవచ్చు. కాని నష్టం చిత్రాలకు కూడా ఉంది. ఫ్రాన్సు దేశంలో లాస్కో అనే గుహ ఉంది. వేల ఏళ్ళ కిందట ఆదిమానవులు ఎద్దులను, గుర్రాలను గోడల మీద చిత్రించిన గుహ అది. 1940లో బయటపడింది. 1948లో జనం చూడడానికి తెరిచారు. రోజూ వందల మంది వచ్చి చూశారు. వాళ్ళెవరూ గోడను గీకలేదు, పేర్లు చెక్కలేదు. ఊపిరి పీల్చి వదిలారు, అంతే. ఆ ఊపిరిలోని తేమకూ, బొగ్గుపులుసు వాయువుకూ, లోపలి దీపాలకూ గోడల మీద పాచి పట్టింది. 1963లో గుహను మూసేశారు. ఇప్పుడు యాత్రికులు చూసేది నకలు గుహను. తాజ్‌మహల్ లోపల ఒక్కొక్కరు మూడు గంటలకు మించి ఉండకూడదని 2018లో నియమం పెట్టింది కూడా జనం ఒత్తిడి తట్టుకోలేకనే.

లేపాక్షి మండపం గుహ కాదు, గాలి ఆడే చోటు. అంత ప్రమాదం లేదు. కాని పూత ఇప్పటికే చాలాచోట్ల రాలిపోయింది. మిగిలిన రంగు మసకబారుతోంది. ఇకముందు జనం పెరుగుతారే గాని తగ్గరు. 2022లో ఈ ఆలయమూ, బసవన్నా యునెస్కో వారి ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేరాయి. 2024 జనవరి 16న ప్రధానమంత్రి వచ్చి దర్శించి వెళ్ళారు. పేరు పెరగడం మంచిదే, మన సీమకు అది గర్వకారణం. కాకపోతే ఆ పేరుతో పాటు వచ్చే ఆదివారపు జనంలో మన రెండు బస్సులు కూడా కలవాలా అన్నదే నా ప్రశ్న.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది మా అవ్వ చేసింది కాబట్టి తేలిగ్గా తోసెయ్యలేను. "పరస జరిగేటప్పుడు పోకుండా, ఎవురూ లేనప్పుడు పోతే అది దేవుని దగ్గరికి పోయినట్లేనా నాయనా?" అంటుంది. ఆమెకు లేపాక్షి అంటే మహాశివరాత్రి. రథం కదలాలి, డోలు మోగాలి, బొరుగులూ బత్తాసులూ కొనాలి. ఆమె మాటలో చాలా న్యాయం ఉంది. ఆ మండపాలు కట్టిందే జనం కోసం, పండుగ కోసం. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, ఇద్దరూ విజయనగరంలో మహర్నవమి ఉత్సవాలను చూశారు. వాళ్ళు రాసిపెట్టినందువల్లే ఆ రాళ్ళ మధ్య ఒకప్పుడు ఎంత సందడి ఉండేదో మనకు తెలిసింది. ఖాళీ హంపిని చూసినవాడికి అది తట్టదు.

కొన్ని కట్టడాలకు కాలాన్ని కట్టినవాళ్ళే నిర్ణయించి పెట్టారు. మన శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో ఏటా మార్చిలోనూ, అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. ఈజిప్టులో అబూ సింబెల్ గుహాలయం లోపలి గదిలోకి ఏడాదికి రెండుసార్లే, ఫిబ్రవరిలోనూ అక్టోబరులోనూ, సూర్యకాంతి దూరుతుంది. అలాంటి చోట "ఎప్పుడు పోదాం" అన్న ప్రశ్నే లేదు. సూర్యుడు చెప్పిన రోజుకు పోవాలి.

కాబట్టి అవ్వతో నాకు తగవు లేదు. శివరాత్రికి ఆమెతో పోతాను, రథం తాడు పట్టుకుంటాను. అయితే మొక్కడానికి పోవడం ఒకటి, చదువుకోవడానికి పోవడం ఇంకొకటి. మొక్కేవాడికి జనం తోడు, చదివేవాడికి జనం అడ్డు. కళాశాల యాత్ర రెండో రకం. పండుగ నాడు లైబ్రరీ తలుపులు తెరిస్తే ఎవరు చదవగలరు?

ఇంకో అభ్యంతరం కవితాహృదయం ఉన్న మిత్రులది. వానాకాలం చివర, సెప్టెంబరులో, మన సీమలో నాలుగు చినుకులు ఎక్కువ పడే నెలలో పోవాలంటారు. చెరువుల్లో నీళ్ళుంటాయి, గుట్టలు పచ్చబడతాయి, బండల మీద తడి మెరుస్తుంది. నిజమే, ఆ అందం వేరు. ఒంటరిగా పోయేవాడు తప్పక పోవచ్చు. కాని మబ్బు కమ్మిన రోజు కప్పు మీది చిత్రాలు కనిపించవు. పైగా ఆ నెలలో చేనిలో కలుపు, మందు కొట్టడం ఉంటాయి. వాన పడితే పని, పడకపోతే దిగులు. ఈ రెంటిలో ఏది ఉన్నా మన పల్లె విద్యార్థి బస్సెక్కడు.

"అయితే అన్ని చోట్లకూ ఇదే లెక్కా?" అని ఎవరయినా అడగవచ్చు. కాదు. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం వంటి కొండకోటలకు లెక్క వేరు. అక్కడ కొండే కట్టడం. తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టి, రాయి వేడెక్కకముందే దిగాలి. వాటికి తెల్లవారుజాము ఒక్కటే చాలు. ప్రతి కట్టడానికీ దాని నెల, దాని గంట ఉంటాయి. వాటిని కనుక్కోవడం కూడా చరిత్ర చదువులో భాగమేనని నా నమ్మకం. తేదీలు బట్టీ పట్టే మనం ఈ తేదీని కూడా కాస్త ఆలోచించాలి గదా.

సరే, ఇంతసేపూ వద్దు వద్దు అంటూ వచ్చాను. ఏం కావాలో చెప్పకపోతే అన్యాయం. విద్యార్థి సంఘం ముందు ఈ ప్రతిపాదన పెడుతున్నాను.

సంక్రాంతి సెలవులు అయిన వారం తర్వాత, మహాశివరాత్రికి కనీసం పది రోజుల ముందు యాత్ర జరగాలి. ఆదివారం వద్దు, సెలవురోజు వద్దు, శివుని గుడి కాబట్టి సోమవారం కూడా వద్దు. మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి. కాయ అమ్ముడయి ఉంటుంది, వలస బస్సు ఇంకా కదలదు, పరీక్షలు ఇంకా మెడ మీదికి రావు, ఎండ ఇంకా ముదరదు. ఇన్ని సౌకర్యాలు కలిసే రోజులు ఏడాది మొత్తంలో ఇంకెక్కడా లేవు.

వంద మందిని ఒకే రోజు తోలుకుపోవద్దు. రెండు జట్లుగా, రెండు వేరు వేరు రోజుల్లో పోవాలి. నలభై, యాభై మందికి మించితే మండపంలో ఎవరి భుజం ఎవరికి తగులుతోందో చూసుకోవడమే సరిపోతుంది.

తెల్లవారి అయిదింటికి బయలుదేరాలి. పెనుకొండ దారిన పోతే, 1565 తర్వాత రాయల రాజధాని అయిన ఆ కొండను బస్సులోంచే చూపించి నాలుగు మాటలు చెప్పవచ్చు. ఎనిమిదిన్నరకంతా గుళ్ళో ఉంటాం. సాయంత్రం నాలుగింటికి బసవన్న దగ్గర సెలవు తీసుకుంటే దీపాలు పెట్టే వేళ దాటిన కాసేపటికే కళ్యాణదుర్గం. ఈ సంగతి మా చెల్లెళ్ళ కోసం ప్రత్యేకంగా చెబుతున్నాను. "రాత్రి ఎంతకు వస్తారు?" అనే ఒక్క ప్రశ్న మీద ఆగిపోయిన ఆడపిల్లల పేర్లు ప్రతి ఏడూ ఉంటాయి. డిసెంబరు నడిమి రోజులతో పోలిస్తే జనవరి చివర పొద్దు ఇరవై నిమిషాలకు పైగా ఆలస్యంగా కుంకుతుంది. చూడ్డానికి చిన్న లెక్కే. అమ్మను ఒప్పించేటప్పుడు అదీ పనికొస్తుంది.

లేపాక్షి ఒక్కటే చూడాలి. "పనిలో పనిగా" అని ఇంకో మూడు ఊళ్ళు తగిలిస్తే మళ్ళీ నలభై నిమిషాల కథే. పోయే ముందు రోజు చరిత్ర సార్లు ఒక గంట కూర్చోబెట్టి ఏ కప్పు మీద ఏ కథ ఉందో చెప్పాలి. కన్ను పీకి గోడకు కొట్టిన విరూపణ్ణ కథ, వంట అయ్యేలోపు చెక్కిన నాగలింగం కథ, జటాయువును "లే పక్షీ" అన్న కథ అక్కడ ఎలాగూ చెబుతారు, సంతోషంగా విందాం. కాని చిత్రాల కథ ముందే తెలియకపోతే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. లోపల ఫోన్ల మెరుపు దీపాలు వద్దు, గోడలకు ఆనుకోవద్దు. తువ్వాలు లాగడం అందరికీ అవసరం లేదు, ఒకరు లాగితే మిగిలినవారు చూడవచ్చు.

చివరి మాట పూర్వ విద్యార్థులకు. మీలో చాలామంది బెంగళూరులో, హైదరాబాదులో, ఇంకా దూర దేశాల్లో ఉన్నారు. ఈ సంచిక మీ చేతికి వస్తుంది. రెండు జట్లుగా పోతే ఖర్చు కొంత పెరుగుతుంది. పెరిగిన ఆ ఖర్చును మీరు భరిస్తే, చందా కట్టలేక పేరు ఇవ్వని పదిమంది బస్సెక్కుతారు. మీలో శెనక్కాయ చేల నుంచి వచ్చినవారికి ఈ మాట నేను విప్పి చెప్పక్కరలేదు.

2022 ఏప్రిల్ 4న మన జిల్లా రెండయింది. లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది, మనం అనంతపురంలో ఉండిపోయాం. కాగితం మీద అది ఇప్పుడు పక్క జిల్లా. అయినా ఆ గుడి కట్టిన రాయి, మన చేలల్లో నాగలికి అడ్డుపడే రాయి ఒక జాతివే. ఆ రాతి పైకప్పు మీద అంత రంగు ఉందని మన తరగతిలో ప్రతి ఒక్కరూ ఒక్కసారయినా చూసి డిగ్రీ పూర్తి చేయాలి. అందుకు కావలసినది కొత్త నిధులు కాదు, కొత్త పథకం కాదు. నోటీసు బోర్డు మీద రాసే తేదీని మార్చడం. వచ్చే ఏడు సంఘం ఎన్నుకునే కార్యవర్గం మొదటి సమావేశంలోనే ఆ తేదీని తేల్చాలని, తేల్చే ముందు చేలల్లో ఉన్నవాళ్ళను కూడా ఒక మాట అడగాలని కోరుతున్నాను.